సేనబ్ పెరట్లో ఇల్లు

బు లాన్నీ ఈసారి నెల్లాళ్ళకు కాదు, ఉండిపోవడానికే వస్తోందన్న సంగతి పసిబోలా దీవిలో అందరికంటే ముందు తెలిసింది జుహ్రియాకే. లాన్నీయే ఫోన్ చేసి చెప్పింది. "అక్కా, సురబాయాలో కుట్టు దుకాణం అమ్మేశాను. ఇక మీ ఊళ్ళోనే నా మకాం. మిగతావన్నీ వచ్చాక మాట్లాడుకుందాం" అంది. సిగ్నల్ కోసం జెట్టీ చివరిదాకా వెళ్ళి నిలబడ్డ జుహ్రియా, తిరిగి ఇల్లు చేరేలోపు దారిలో ఉన్న ప్రతి గడపలోనూ ఆ మాట వేసి వచ్చింది.

'మా ఇంటికే' అని ఆమె విడిగా ఎక్కడా అనలేదు. అనాల్సిన పని లేదు. పసిబోలాలో పై ఊరివాళ్ళకు గది ఇవ్వడం మొదలుపెట్టింది తనే. లాన్నీ ఆరేళ్ళుగా ప్రతి జూన్‌లోనూ వచ్చి దిగేది ఆ గదిలోనే. మొదటిసారి వచ్చినప్పుడు ఆమె భర్త పోయి ఏడాదైనా కాలేదు. సముద్రం వైపు మొహం పెట్టి పొద్దస్తమానం కూర్చునేది. రెండో ఏడు కాస్త నవ్వింది. మూడో ఏటినుంచి 'అక్కా' అనడం మొదలుపెట్టింది. ఊళ్ళోవాళ్ళు కూడా, ఆడవాళ్ళను మర్యాదగా పిలిచే 'బు' చేర్చి, ఆమెను 'జుహ్రియా వాళ్ళ బు' అనే అనేవారు. ఆ మాట చెవిన పడ్డప్పుడల్లా జుహ్రియాకు మెడ అంగుళం సాగేది.

కబురు తెలిసిన మర్నాటినుంచే ఆమె మొగుడి వెంటపడింది. ముక్సిన్ పడవలు చేసే మనిషి, మధ్యమధ్య చేపల వేటకూ వెళతాడు. చేతిలో సగమైన పడవను పక్కన పెట్టి, గది ముందు వసారాను సముద్రం మీదికి ఇంకో రెండు బారలు పొడిగించాడు. కిటికీలకు నీలం రంగు వేశాడు. అంపానా పట్నం నుంచి కొత్త తెరలు తెప్పించారు.

"ఆవిడ సరిగ్గా ఏమందో విన్నావా?" అని అడిగాడొకసారి, మేకులు పళ్ళమధ్య బిగించి.

"ఏం, నాకు చెవుల్లేవా?"

"ఉన్నాయి. ఉన్నవాటితో విన్నావా అని అడుగుతున్నా."

జుహ్రియా సుత్తి అందించి లోపలికి వెళ్ళిపోయింది.

పడవ వచ్చిన రోజు ఊరు ఊరంతా జెట్టీ మీదే ఉంది. లాన్నీతోపాటు దిగిన సామాను చూసి ఆడవాళ్ళు నోళ్ళు నొక్కుకున్నారు. పరుపు, కుట్టుమిషను, మూడు ట్రంకు పెట్టెలు, అద్దమున్న బీరువా, బోనులో ఒక ముసలి పిల్లి. జుహ్రియా పువ్వుల గౌను, కొత్త తలగుడ్డ వేసుకుని ముందు నిలబడింది. ఇంట్లో పొయ్యి మీద సాగో ముద్దలు వేసిన చేపల పులుసు ఉడుకుతోంది.

జెట్టీ దిగగానే దారి రెండుగా చీలుతుంది. కుడివైపు జుహ్రియా ఇల్లు. ఎడమవైపు వెళితే బురదలో కొయ్యగుంజల మీద సగం ఒరిగిన సేనబ్ ఇల్లు. పరుపు మోస్తున్న ఇద్దరూ ఎడమకు తిరిగారు.

"ఒరేయ్, ఎటు పోతున్నార్రా? ఇటు!" అని కేకేసింది జుహ్రియా.

"బు అటే పొమ్మన్నారు పెద్దమ్మా" అన్నాడు ముందున్నవాడు, తల పరుపు కింద ఉండటంతో ఎవరితో మాట్లాడుతున్నాడో కూడా చూడకుండా.

లాన్నీ గబగబా వచ్చి జుహ్రియాను రెండు చేతులా పట్టుకుంది. "ఫోన్లో చెప్పాలనే అనుకున్నా అక్కా, మాట రాలేదు. సేనబ్ పెరట్లో చిన్న ఇల్లు వేసుకుంటున్నాను. వచ్చే వారం కలప దిగుతుంది. అప్పటిదాకా వాళ్ళింట్లోనే ఉంటా."

 జుహ్రియా వెనక నలభైమంది చూస్తున్నారు. ఇంతలో సేనబ్ వచ్చింది, లుంగీ మోకాళ్ళ దాకా ఎగదోపుకుని, చేతుల నిండా చేప పొలుసులతో.

"ఏంటలా నిలబడిపోయావు మహారాణిలా? ఆ కుట్టుమిషను ఒక చివర పట్టు, నా నడుం విరిగేలా ఉంది" అంది లాన్నీతో.

లాన్నీ జుహ్రియా చేతులు వదిలేసి పరుగున వెళ్ళి పట్టుకుంది. నవ్వుతూ పట్టుకుంది. జుహ్రియా కళ్ళల్లో కారం కొట్టినట్టయింది.

ఆ పూట వండినదంతా ముక్సిన్ ఒక్కడే తిన్నాడు. తిన్నంతసేపూ తలెత్తలేదు.

సేనబ్ పరాయిది కాదు, స్వయానా తోడికోడలు. ముక్సిన్ తమ్ముడి పెళ్ళాం. ఆ తమ్ముడు మలేషియాలోని తవావు వెళ్ళి తాటాకంత పేరున్న కంపెనీలో పనికి కుదిరి, తొమ్మిదేళ్ళుగా పండక్కి ఫోన్ మాత్రం చేస్తున్నాడు. సేనబ్ అరటిపండ్లు వేయించి అమ్ముకుని, వల బాగుచేసుకుని బతుకుతోంది. నోరు పెద్దది. ఇంటికి ఎవరైనా వస్తే కూర్చోమనదు, కూర్చున్నవాళ్ళను లెమ్మనదు. అలాంటి మనిషి దగ్గరికి, ముక్కు తుడుచుకోవడానికి కూడా ఇస్త్రీ చేసిన చేతిరుమాలు తీసే లాన్నీ వెళ్ళి చేరడమేమిటి? మందు పెట్టిందేమోనని కూడా అనుకుంది జుహ్రియా. తర్వాత సిగ్గుపడింది. ఆ తర్వాత మళ్ళీ అనుకుంది.

ఇల్లు నెల రోజుల్లో లేచింది. రెండు గదులు, తాటాకు కప్పు, ముందు చిన్న వసారా. జుహ్రియా వంటింటి కిటికీలోంచి చూస్తే ఆ వసారా మూల కనబడుతుంది. ఆమె కూరగాయలు తరిగే పీట అక్కడినుంచి తీసి అవతలి గోడ దగ్గర వేసుకుంది. రెండు రోజులు కాకుండానే మళ్ళీ కిటికీ దగ్గరికే తెచ్చుకుంది. చూస్తే మండుతోంది, చూడకపోతే ఇంకా మండుతోంది.

ఇల్లు అయ్యాక ఇంకో వింత. ఇంటి కప్పు మీదికి సోలార్ పలకలు ఎక్కాయి, లోపలికి నాలుగు ఫ్రీజర్లు దిగాయి. ఊళ్ళో పట్టిన చేపకు ఐసు కావాలంటే అంతదాకా అంపానా పడవ కోసం చూడాల్సిందే. ఇప్పుడు లాన్నీ పెట్టుబడి, సేనబ్ చాకిరీ. ప్లాస్టిక్ సంచుల్లో బావి నీళ్ళు పోసి గడ్డ కట్టించి పొద్దున్నే జాలర్లకు అమ్మసాగారు. ఎవరి నోట విన్నా సేనబ్ ఐసు మాటే. జుహ్రియా మాత్రం ముక్సిన్‌తో గట్టిగా చెప్పింది.

"మన పడవలోకి ఆ ఇంటి ఐసు రాకూడదు."

"మరి చేప?"

"కుళ్ళితే కుళ్ళనీ."

పది రోజుల తర్వాత పడవ కడగడానికి దిగితే, వలకింద గోనె పట్టా తడితడిగా కనబడింది. ఎత్తి చూసింది. సగం కరిగిన మూడు ఐసు సంచులు. ముక్సిన్ గట్టు మీద నిలబడి ఆకాశంలో మబ్బులు లెక్కపెడుతున్నాడు.

"ఇవేంటి?"

"ఐసు."

"ఎవరిది?"

"ఇప్పుడు నాది. కొన్నాను కదా" అన్నాడు ముక్సిన్. ఆ తర్వాత మెల్లగా, "సొంత తమ్ముడి భార్య. వాడు దాని మొహం చూడక తొమ్మిదేళ్ళయింది. దానికి నాలుగు రాళ్ళు వస్తున్నాయని ఊరంతా సంతోషిస్తుంటే, నువ్వొక్కదానివి ఏంటే?" అన్నాడు.

ఆ మాట సూదిలా దిగింది. 'నాకు మాత్రం సంతోషం ఉండదా' అందామనుకుంది, కానీ లేదు. సేనబ్ నాలుగు కాదు నలభై ఫ్రీజర్లు పెట్టుకున్నా తనకు అభ్యంతరం లేదు. ఆ వసారాలో లాన్నీ కాళ్ళు జాపుకుని కూర్చుని సేనబ్‌తో కీచులాడుతుంటుందే, అది చూడలేకపోతోంది. తనతో లాన్నీ ఒక్కసారి కూడా కీచులాడలేదు.

ఆగస్టులో ఊరిపెద్దగారి మనవరాలి పెళ్ళి వచ్చింది. పెళ్ళి ముందురోజు పందిట్లో ఇరవైమంది ఆడవాళ్ళు కొబ్బరి కోరుతూ, ఉల్లిపాయలు ఒలుస్తూ కూర్చున్నారు. లాన్నీ, సేనబ్ ఒకే చాప మీద ఉన్నారు. ఎవరో ఐసు సంగతి ఎత్తారు. లాన్నీ ఇంకో రెండు ఫ్రీజర్లు తెప్పించాలనుకుంటోందట.

జుహ్రియా కోరుతున్న కొబ్బరిచిప్ప కింద పెట్టింది. ఆమె ఆ మాట అనాలని నెలరోజులుగా లోపల దాచుకుంది.

"తెప్పించుకునే ముందు బావి సంగతి కనుక్కోండి బు లాన్నీ. తూర్పుగాలి ముదిరిందంటే సేనబ్ బావి ఉప్పుకషాయం. ఈ సంగతి ఇక్కడ కూర్చున్న అందరికీ తెలుసు. మీకు చెప్పాలని ఒక్కరికీ తోచలేదు. నాకు నోరు ఊరుకోక చెబుతున్నా."

పందిట్లో కోరాముల చప్పుడు ఆగిపోయింది. సేనబ్ నోరు తెరవబోతే లాన్నీ మోచేత్తో పొడిచింది.

"నాకు తెలుసు అక్కా" అంది లాన్నీ, ఎవరి మొహమూ చూడకుండా. "సేనబ్ నాలుగేళ్ళ కిందటే చెప్పింది. చేపల మీద వేసే ఐసే కదా, కాస్త ఉప్పగా ఉన్నా ఫర్వాలేదు. తాగడానికి వాన నీళ్ళ తొట్టి కట్టించాను."

"అబ్బో, జుహ్రియాకు ఉన్నట్టుండి బావుల మీద ఎంత ప్రేమ పుట్టుకొచ్చిందో!" అంది ఉల్లిపాయలు ఒలుస్తున్న ఒక ముసలావిడ. ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత అందరూ నవ్వారు. సేనబ్ ఒక్కతే నవ్వలేదు. అది నవ్వకపోవడమే జుహ్రియాకు అన్నిటికంటే ఎక్కువ తగిలింది. చేతులు కడుక్కుని ఇంటికి వచ్చేసింది. పెళ్ళికి కూడా తలనొప్పని చెప్పి ముక్సిన్ ఒక్కణ్ణే వెళ్ళమంది.

పెళ్ళయిన మర్నాడు మధ్యాహ్నం లాన్నీ వచ్చింది. జుహ్రియా వసారాలో వల పరుచుకుని కూర్చుని ఉంది. లేవలేదు. ఆరేళ్ళలో లాన్నీ వస్తే ఆమె లేవకపోవడం అదే మొదలు.

"కోపం పోలేదా అక్కా?"

"నాకెందుకు కోపం? మీ డబ్బు, మీ ఇల్లు, మీ ఇష్టం." సూది రెండుసార్లు తప్పి వేలికి గుచ్చుకుంది. ఇక ఆగలేకపోయింది. "ఒక్కటి చెప్పండి. నా దగ్గర ఏం తక్కువైంది? పడక మెత్తగా లేదా? వంట కుదరలేదా? ఒక్క మాటైనా పడ్డారా ఈ ఇంట్లో?"

"పడలేదు."

"మరి?"

లాన్నీ చెప్పులు విప్పి పలకల మీద కూర్చుంది. 

"ఒక ఏడు మీరు అంపానా వెళ్ళారు, గుర్తుందా? నాకు జ్వరం వచ్చింది. సేనబ్ దగ్గరికి వెళ్ళి కాసిని నీళ్ళు ఇమ్మన్నా. బావి ఉప్పు, తొట్టిలో వాన నీళ్ళున్నాయి, ముంచుకో, చేతులేమైనా పడిపోయాయా అంది. ముంచుకుని తాగాను. కూర్చుంటే కత్తి చేతికిచ్చి చేపలు గోకమంది. మా ఆయన పోయాక నాకు ఎవరైనా పని చెప్పడం అదే మొదటిసారి. గోకుతూ గోకుతూ ఏడ్చేశాను. 'ఏడిస్తే ఏడువు గానీ పొలుసులు సరిగ్గా తియ్యి, తోక దగ్గర వదిలేస్తున్నావు' అంది."

"అదీ ఒక మర్యాదేనా?"

"కాదు. మర్యాదంతా మీ దగ్గరే ఉంది. మీ ఇంట్లో ఆరేళ్ళూ ఒక్క పళ్ళెం కడగనివ్వలేదు నన్ను. నెల్లాళ్ళుండి పోవడానికి మీ ఇంటికంటే మంచి చోటు లేదక్కా. కానీ ఉండిపోవాలంటే..." అని ఆగింది లాన్నీ. "ఈ ఊళ్ళో కష్టమంటూ ఒకటుందని మీరెప్పుడూ నాకు తెలియనివ్వలేదు."

జుహ్రియా వల పక్కకు తోసేసింది.

"తెలియనివ్వలేదా? మీరు స్నానం చేసిన నీళ్ళు ఎక్కడివనుకున్నారు?"

"బావివి."

"మా బావి సేనబ్ బావికంటే ఉప్పన! రోజూ తెల్లారకముందే డోంగీ పడవ వేసుకుని అవతలి గట్టుకు పోయి, కొండ కింద ఊట దగ్గర క్యాన్లు నింపి, మీరు లేచేసరికి తొట్టి నింపేదాన్ని. మీ జుట్టు జిగురెక్కుతుందని!"

లాన్నీ మొహంలో రంగు మారింది. "ఆరేళ్ళూనా?"

"ఆరేళ్ళూ."

"నాతో ఒక్కమాట అనొచ్చు కదా?"

"ఎవరైనా చెబుతారా, ఇంటికొచ్చిన మనిషికి?"

"నేను చెప్పేదీ అదే" అంది లాన్నీ మెల్లగా.

ఆ మాటకు జుహ్రియాలో ఏదో తెగింది. "చెప్పాలా? అయితే విను!" అంది. 'మీరు' జారిపోయి 'నువ్వు' వచ్చిన సంగతి ఆమెకే తెలియలేదు. "పొద్దున్నే నువ్వు తీసే పాటలున్నాయే, వాటికి మా కోళ్ళు గుడ్లు పెట్టడం మానేశాయి. మీ అల్లుడు బ్యాంకులో ఎలా పైకొచ్చాడో నన్ను నిద్రలో లేపినా చెప్పగలను, అన్నిసార్లు విన్నాను. చేప పెడితే నడుమ ముక్క తిని తల వదిలేస్తావు, మేం ఆ తలకాయలే తింటూ కూర్చుంటాం. నువ్వు పడవెక్కిన రోజు మేమిద్దరం పొద్దు గూకేదాకా చచ్చినట్టు పడి నిద్రపోతాం, తెలుసా?"

లాన్నీ లేచి నిలబడింది.  "అంటే నేనెప్పుడు పోతానా అని చూసేదానివా?"

"చూసేదాన్ని. పోయిన మర్నాటినుంచి మళ్ళీ జూన్ ఎప్పుడొస్తుందా అని చూసేదాన్ని!"

లాన్నీ చెప్పులు చేత్తో పట్టుకుని, వేసుకోకుండానే వెళ్ళిపోయింది.

నాలుగు రోజులు ఆ మూలనుంచి ఈ మూలకు ఎవరూ రాలేదు. జుహ్రియా అన్నం ముందు కూర్చుని లేచిపోయేది. అన్న మాటలన్నీ ఒక్కొక్కటే గుర్తుకొచ్చేవి. కోళ్ళ మాట అనకుండా ఉండాల్సింది. కోళ్ళు మానేసింది వేరే జబ్బు వల్ల. ముక్సిన్‌కు చెబితే, "తలకాయల మాట కూడా అనేశావా?" అని అడిగాడు. "అన్నా" అంది. "నాకు తలకాయే ఇష్టం కదే" అన్నాడు అతను.

ఐదో రోజు పొద్దున్నే జుహ్రియా డోంగీ నీళ్ళలోకి తోస్తుంటే వెనకనుంచి నీళ్ళలో అడుగుల చప్పుడయింది. లాన్నీ, రెండు ఖాళీ క్యాన్లతో.

"నేనూ వస్తా."

"దేనికి?"

"నీళ్ళకు."

"మీకు తెడ్డెయ్యడం రాదు."

"నాలుగు రోజుల కింద 'నువ్వు' అన్నావు. మళ్ళీ ఈ 'మీరు' ఎక్కణ్ణించి వచ్చింది?"

 జుహ్రియా పడవ ఒక పక్కకు జరిపి ఎక్కడానికి చోటిచ్చింది.

లాన్నీ తెడ్డు వేస్తే డోంగీ తిన్నగా పోదు, ఉన్నచోటే గుండ్రంగా తిరుగుతుంది. "ఇలా కాదు. ఒకే పక్క వేస్తే అంతేగా. చేతుల్తో కాదు, నడుంతో వెయ్యి. అబ్బ, దుకాణం నడిపిన మనిషివేనా నువ్వు?" అని జుహ్రియా దారిపొడుగునా తిడుతూనే ఉంది. లాన్నీ ఒళ్ళంతా తడిసిపోయింది. సగం దూరం పోయాక తెడ్డు ఆపి, రొప్పుతూ అంది:

"నేనూ ఒకటి చెప్పాలి. నీ కాఫీ."

"నా కాఫీకేం?"

"అది కాఫీ కాదు, పంచదార పాకం. ఆరేళ్ళుగా, నువ్వు లోపలికి వెళ్ళగానే వసారా పలకల సందులోంచి సముద్రంలో పోసేదాన్ని."

జుహ్రియా తెడ్డు కూడా ఆగిపోయింది. "రోజూనా?"

"రోజూ. రెండు పూటలా."

"ఎంతో బాగుందని అడిగి మరీ ఇంకో కప్పు పోయించుకునేదానివి కదే!"

"నువ్వు చూస్తూ నిలబడేదానివి మరి!"

జుహ్రియాకు అప్పుడు వచ్చింది కోపమో నవ్వో ఆమెకే తెలియలేదు. ముందు లాన్నీ మీద తెడ్డుతో నీళ్ళు కొట్టింది. తర్వాత ఇద్దరూ అలా పడవలో పడి నవ్వుతుంటే, పక్కనుంచి వల వేసుకుని పోతున్న జాలరి ఒకడు పడవ మునుగుతోందేమోనని దగ్గరికి వచ్చి చూసిపోయాడు.

తిరిగి వచ్చేసరికి ఎండెక్కింది. సేనబ్ గట్టున చేపలు గోకుతూ కూర్చుని ఉంది. ఐసు అమ్మకం అంతా ఒక్కతే చూసుకున్నట్టుంది, మొహం గంటు పెట్టుకుని ఉంది. లాన్నీ క్యాన్లు మోసుకుంటూ ముందు వెళ్ళిపోయింది. సేనబ్ కత్తి ఆపి తోడికోడల్ని కింద నుంచి పైకి చూసింది.

"నీళ్ళకి ఇంతసేపా అక్కా? ఇద్దరి నవ్వులూ ఇక్కడిదాకా వినబడ్డాయి. ఏం మాట్లాడుకున్నారేంటి?"

"ఏముంటాయి, అవీ ఇవీ."

"అవీ ఇవీ అంటే?"

జుహ్రియా డోంగీ కట్టే తాడు ముడి చూసుకుంటూ ఉండిపోయింది.

లాన్నీ ఇల్లు సేనబ్ పెరట్లోనే ఉంది. చీకటి పడగానే ఆ వసారాలో దీపం వెలిగితే జుహ్రియాకు ఇప్పటికీ కాస్త మండుతుంది. కొత్త తెరల గదిలో సెప్టెంబరులో పోసో నుంచి వచ్చిన బడిపంతుళ్ళు ఇద్దరు దిగారు. వాళ్ళు బాగానే ఉన్నారుగానీ, వాళ్ళు లాన్నీ కారు. ముక్సిన్ ఐసు సంచులు ఇప్పుడు గోనె కింద దాచకుండానే తెస్తున్నాడు. లాన్నీ మాత్రం వారానికి రెండుసార్లు క్యాన్లు తీసుకుని డోంగీ దగ్గరికి వస్తుంది. తెడ్డు వెయ్యడం ఇంకా రాలేదు.

ఆ మొదటిరోజు మాటల గురించి సేనబ్ ఆ వారంలోనే మూడుసార్లు అడిగింది. ఒకసారి మామూలుగా, ఒకసారి నవ్వులాటగా, ఒకసారి కాస్త దెప్పుతూ. మూడుసార్లూ జుహ్రియా చెప్పలేదు.